మూడు నెలలకోసారి సంతకం: విడుదలైన ఒక జీవిత ఖైదీ కేస్ స్టడీ

యావజ్జీవ శిక్ష పడి, పద్నాలుగేళ్లకు పైగా లోపల గడిపి, ప్రభుత్వ రిమిషన్ (శిక్ష తగ్గింపు) ఉత్తర్వు మీద బయటికొచ్చిన ఒక మనిషి కేసు ఇది. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా నా దగ్గరికి వచ్చింది. ఇందులో పెద్ద వాదనలు లేవు, హైకోర్టు రిట్టు లేదు. కొన్ని అర్జీలు, ఒక షోకాజ్ నోటీసు, దానికి జవాబు, అంతే. అయినా విడుదలైన వాళ్లని ఎవరు చూసుకోవాలన్న విషయంలో మన చట్టాల్లో ఖాళీ ఎక్కడుందో ఇంత స్పష్టంగా చూపించిన కేసు నాకు మరొకటి తగల్లేదు. క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, జిల్లా, స్టేషన్ పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

కేసు ఏమిటి

క్లయింటుది గోదావరి డెల్టాలో చిన్న రైతు కుటుంబం. ఇప్పుడు నలభై ఐదు దాటాయి. పొలం గట్టు తగాదా కర్రల దాకా వెళ్లింది, అవతలి పక్షంలో ఒకాయన చనిపోయాడు. ఐపీసీ 302 (హత్య) రెడ్ విత్ 34 (ఉమ్మడి ఉద్దేశం) కింద సెషన్స్ కోర్టు యావజ్జీవం వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. లోపల కార్పెంటరీ నేర్చుకున్నాడు. పెరోల్ మీద ఎప్పుడు వెళ్లినా గడువులోపే తిరిగొచ్చాడు. జైలు రికార్డులో మచ్చ లేదు.

మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరంలో యావజ్జీవం పడితే, రిమిషన్ రోజులు కలపకుండా పద్నాలుగేళ్లు నికరంగా లోపల ఉండాలని సీఆర్‌పీసీ 433ఏ చెప్పేది. ఆ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడు అదే 475. ఆ గడువు దాటాక ప్రభుత్వం 432 కింద మిగతా శిక్షను షరతులతో మాఫీ చేసింది. షరతులు మూడు. 50 వేల రూపాయలకు సొంత బాండు ఇవ్వాలి. మళ్లీ ఏ నేరంలోనూ ఉండకూడదు. ‘శిక్షాకాలం ముగిసేవరకు’ మూడు నెలలకోసారి సంబంధిత స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఎదుట హాజరు కావాలి.

బాండు దగ్గర ఇబ్బంది రాలేదు. రెండో షరతు గురించి తర్వాత చెబుతాను. కేసంతా మూడో షరతులోనే ఉంది.

సంబంధిత స్టేషన్ అంటే సొంత ఊరిది. ఊళ్లో ఆయన ఉండలేడు. చనిపోయినాయన కుటుంబం అక్కడే ఉంది, వాళ్లలో ఒకరికి స్టేషన్‌కి వెళ్లే రోడ్డు మీదే దుకాణం. పెద్దవాళ్లు చెప్పడంతో విడుదలైన వారానికే వేరే జిల్లాలో ఒక టౌనుకు వెళ్లి ఫర్నిచర్ వర్క్‌షాపులో చేరాడు. మూడు నెలలకోసారి మాత్రం రెండు బస్సులు మారి, ఏ మనుషుల కంట పడకూడదో సరిగ్గా వాళ్ల ముందు నుంచే నడిచి వెళ్లి సంతకం పెట్టి రావాలి. “రోజు కూలి పోతే పోయిందండి. ఆ రోడ్డంట నడవడమే కష్టంగా ఉందండి,” అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు.

కొట్లాట మళ్లీ రాజుకోకుండా చూడటం పర్యవేక్షణ ఉద్దేశమైతే, ఈ షరతు చేసే పని దానికి పూర్తిగా ఎదురు. ఉత్తర్వు రాసిన వాళ్లకు ఎవరిమీదా కక్ష లేదు. పాత ఉత్తర్వులో ఉన్న పేరా కొత్త ఉత్తర్వులోకి ఎక్కింది. సెక్రటేరియట్‌లో చాలా షరతులు పుట్టేది ఇలాగే.

స్టేషన్‌లో ఏం జరిగేది? ఒక్కోసారి రైటర్ (స్టేషన్ రాతపని చూసే కానిస్టేబుల్) రిజిస్టరు తీసి సంతకం పెట్టించుకుని పంపేసేవాడు. ఒక్కోసారి సారు బందోబస్తుకి వెళ్లారు, కూర్చో అనేవారు. వచ్చినట్టు రసీదు ఉండదు. ఏం పని చేస్తున్నావు, ఎక్కడ పడుకుంటున్నావు, మందు తాగుతున్నావా, అప్పులున్నాయా అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. అది వాళ్ల తప్పు కూడా కాదు. హాజరు వేసుకోమని మాత్రమే వాళ్లకి చెప్పారు.

‘శిక్షాకాలం ముగిసేవరకు’ అంటే ఎప్పటివరకు?

ఈ ప్రశ్న నేను స్టేషన్‌లో అడిగితే ఇరవై ఏళ్లన్నారు. జైలు ఆఫీసులో అడిగితే ఉత్తర్వు చూడాలన్నారు. క్లయింటు తనకు ఇంకో నాలుగైదేళ్లు ఉంటుందనుకుంటున్నాడు.

చట్టం ప్రకారం జవాబు వేరే. యావజ్జీవం అంటే మిగిలిన జీవితమంతా అని 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఐపీసీ 57లో కనిపించే ఇరవై ఏళ్ల లెక్క శిక్షలో భాగాలు కట్టడానికి మాత్రమే. ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ 6వ సెక్షన్‌లోనూ అదే ఉంది. కాబట్టి ‘శిక్షాకాలం ముగిసేవరకు’ అని యావజ్జీవ ఖైదీకి రాస్తే, చచ్చేదాకా మూడు నెలలకోసారి స్టేషన్‌కి రమ్మని రాసినట్టే. ఏడేళ్ల శిక్ష పడిన వాడికి ఆ వాక్యం సరిపోతుంది. యావజ్జీవ ఖైదీకి సరిపోదు. ఒకే నమూనా ఇద్దరికీ వాడేశారు.

క్లయింటుకు ఈ మాట వెంటనే చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “అయితే పెద్దయ్యాక బస్సెక్కలేకపోతే ఎలాగండి?” అని అడిగాడు. సుప్రీంకోర్టు తీర్పుల్లో ఆ ప్రశ్నకు జవాబు వెతికాను. దొరకలేదు.

నోటీసు

వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలలో సంతకం తప్పింది. డిశ్చార్జి అయిన పది రోజులకు వెళ్తే, ‘గడువు దాటిపోయింది, పైకి రాసేశాం’ అన్నారు. కొన్నాళ్లకు రిమిషన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమంటూ నోటీసు వచ్చింది.

ఇక్కడ టెన్షన్ మామూలుది కాదు. షరతు తప్పారని ప్రభుత్వం భావిస్తే రిమిషన్ రద్దు చేయవచ్చు. ఆ వెంటనే ఏ పోలీసు అధికారైనా వారెంటు లేకుండా పట్టుకుని మిగతా శిక్ష అనుభవించడానికి జైలుకు పంపవచ్చు. సీఆర్‌పీసీ 432(3)లో, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 473(3)లో ఉన్నది ఇదే. తల్లికి జ్వరమొచ్చి సంతకం తప్పినా, మళ్లీ మనిషిని పొడిచినా చట్టం చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే. మధ్యలో మెట్లు లేవు.

అదృష్టం కొద్దీ 2024 అక్టోబరులో వచ్చిన మాఫాభాయ్ మోతీభాయ్ సాగర్ వర్సెస్ గుజరాత్ తీర్పు చేతిలో ఉంది. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఇచ్చింది. ఆ కేసులో గుజరాత్ పెట్టిన ఒక షరతు, రెండేళ్లపాటు ‘మర్యాదగా ప్రవర్తించాలి’ అని. మర్యాద అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? అలాంటి అస్పష్టమైన షరతు చెల్లదని కోర్టు కొట్టేసింది. కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగల) కేసు నమోదైనంత మాత్రాన రిమిషన్ దానంతటదే పోదని చెప్పింది. రద్దు చేయాలంటే ముందు కారణాలతో నోటీసు ఇవ్వాలి, జవాబు వినాలి, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. మా క్లయింటు రెండో షరతుకు కూడా ఈ తీర్పే కాపుగా నిలిచింది. ఊళ్లో ఎవరైనా పాత కక్షతో ఒక ఎఫ్ఐఆర్ పెట్టిస్తే చాలు, వెనక్కి పంపేయొచ్చన్న భయం ఆయనకు మొదటినుంచీ ఉంది. 2025 ఫిబ్రవరిలో బెయిల్ విధానంపై తానే చేపట్టిన (సుమోటో) కేసులో సుప్రీంకోర్టు మళ్లీ అదే దారిలో నడిచింది: షరతులు సహేతుకంగా, అమలు చేయగలిగేలా ఉండాలంది. విధానం ఉన్న రాష్ట్రాల్లో ఖైదీ దరఖాస్తు పెట్టుకోకపోయినా అర్హులందరి రిమిషన్ పరిశీలించాలంది.

జవాబులో ఆసుపత్రి కాగితాలు పెట్టాం. ఆలస్యంగానైనా స్వయంగా స్టేషన్‌కి వెళ్లాడని చెప్పాం. దానితోపాటు మూడు కోరాం. హాజరు స్టేషన్ మార్చమన్నాం. హాజరుకు ముగింపు తేదీ ఇమ్మన్నాం. స్టేషన్ బదులు జిల్లా ప్రొబేషన్ అధికారి దగ్గర హాజరయ్యేందుకు ఒప్పుకోమన్నాం. మూడోది చూసి మా ఆఫీసులో ఒక సీనియర్ గారు నవ్వారు: “వాళ్లకీ వీళ్లకీ ఏమిటయ్యా సంబంధం?”

ప్రొబేషన్ అధికారికి సంబంధం లేకపోవడం

నిజమే, చట్టం ప్రకారం సంబంధం లేదు. మొత్తం కేసులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

బయట ఉన్న నేరస్థుల పర్యవేక్షణకు మనకున్న అసలు చట్టం 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ యాక్ట్. అది జైలుకు పంపకుండా వదిలిపెట్టే వాళ్ల కోసం చేసిన చట్టం. 3వ సెక్షన్ కింద మందలించి వదలొచ్చు. 4వ సెక్షన్ కింద సత్ప్రవర్తన బాండు మీద వదలొచ్చు, బాండు గడువు మూడేళ్లు దాటకూడదు. ప్రొబేషన్ అధికారి విధులు 14వ సెక్షన్‌లో ఉన్నాయి. విచారణ చేసి కోర్టుకు నివేదిక ఇవ్వాలి, తన కింద ఉంచిన వాళ్లని గమనించాలి, అవసరమైతే తగిన పని వెతికిపెట్టే ప్రయత్నం చేయాలి. పని వెతకడం అధికారి విధి అని చట్టంలోనే ఉందంటే తోటి లాయర్లు ఇప్పటికీ నమ్మరు. చదివి వినిపించాల్సి వస్తుంది.

అంటే, సైకిలు దొంగతనంలో మొదటిసారి దొరికి ఒక్క రాత్రి కూడా జైల్లో పడుకోని కుర్రాడికి సాయం చేసే అధికారి ఉన్నాడు. పద్నాలుగేళ్లు లోపల ఉండి, ఫోన్‌తో డబ్బు కట్టడం తెలియక, ఆధార్‌కి ఏ నంబరు లింకయిందో గుర్తులేక, రేషన్ కార్డులో పేరు కొట్టేస్తే ఎవరినడగాలో తెలియక తిరిగే మనిషికి లేడు. ఆయనకు స్టేషన్ ఉంది. సాయం చేయడం ఎవరి వృత్తో వాళ్లకి ఈయన మీద అధికారం లేదు. అధికారం ఉన్నవాళ్ల వృత్తి నేరం పట్టుకోవడం. శిక్ష అనుభవించి బయటికొచ్చిన వాళ్ల విషయంలో పాత చట్టం చెప్పే ‘పర్యవేక్షణ’ కూడా చిరునామా తెలపడం వరకే. సీఆర్‌పీసీ 356, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 394 చూడండి. కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే విడుదలయ్యాక ఐదేళ్ల వరకు ఇంటి చిరునామా తెలపమని కోర్టు ఆదేశించవచ్చు. అంతకుమించి అందులో ఏమీ లేదు.

శాఖలు కూడా వేరు. మన దగ్గర ప్రొబేషన్ అధికారులు జువెనైల్ వెల్ఫేర్, కరెక్షనల్ సర్వీసెస్ వైపు పనిచేస్తారు. వాళ్ల రోజులో ఎక్కువ భాగం పిల్లల కేసుల నివేదికలకే పోతుంది. జైళ్లు, పోలీసులు హోం శాఖ. ముందస్తు విడుదల పరిశీలించేటప్పుడు ఇంటికి వెళ్లి విచారించమని ప్రొబేషన్ అధికారిని పంపుతారు. ఆ మనిషి బయటికొచ్చాక ఆ అధికారిని ఎవరూ ఏమీ అడగరు. ఈ విచారణ నివేదికలు ఎంత ముఖ్యమో, అవి పక్కదారి పడితే ఏమవుతుందో 2006లో ఈపూరు సుధాకర్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో చూశాం. ఖైదీ మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట నివేదికల్లోకి ఎక్కింది. గవర్నర్ ఇచ్చిన మాఫీని సుప్రీంకోర్టు రద్దు చేసింది.

మేం ప్రొబేషన్ అధికారిని కలిశాం. “నాకు ఆర్డర్ లేదండి. కానీ రమ్మనండి, మాట్లాడదాం,” అన్నారు. ఆ తర్వాత జరిగిన మంచి ఏదైనా ఉంటే అందులో చాలా భాగం అధికారంతో సంబంధం లేని ఈ మాట వల్లే జరిగింది. బ్యాంకు ఖాతా తెరిపించారు. రేషన్ కార్డు సంగతి సచివాలయంలో మాట్లాడారు. జైలు కార్పెంటరీ సర్టిఫికెట్ మీద జైలు పేరుంటుంది కాబట్టి అది చూపించడానికి క్లయింటు సిగ్గుపడేవాడు. దాని బదులు చేసిన పని ఫొటోలు తీసి పెట్టుకోమని చెప్పింది ఆయనే.

మారిన స్టేషన్, పోయిన పని

నోటీసు మీద రిమిషన్ రద్దు చేయలేదు. కొన్ని నెలలకు హాజరు స్టేషన్ కూడా మార్చారు. మేం గెలిచాం అనుకున్నాం.

కొత్త స్టేషన్ నుంచి చిరునామా సరిచూడటానికి యూనిఫాంలో కానిస్టేబుల్ వర్క్‌షాపుకు వెళ్లాడు. యజమానికి కేసు సంగతి ముందే తెలుసు, క్లయింటు చేరిన రోజే చెప్పాడు. కస్టమర్లకు, తోటి పనివాళ్లకు తెలియదు. ఆ కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడట. నెల తిరక్కుండానే యజమాని జీతం పూర్తిగా ఇచ్చి, వేరే చోట చూసుకోమన్నాడు.

1962లోనే ఖరక్ సింగ్ కేసులో రాత్రిపూట ఇళ్లకు వెళ్లి చూసే పోలీసు నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో పోలీసులు అనుమానితుల మీద తెరిచే హిస్టరీ షీట్ల గురించి మాట్లాడుతూ, వెనకబడిన వర్గాల వాళ్లని యాంత్రికంగా అందులోకి ఎక్కించొద్దని రాష్ట్రాలకు చెప్పింది. చట్టం ఆ దిశగానే ఉంది. పగటిపూట వర్క్‌షాపుకు యూనిఫాంలో వెళ్లడం వల్ల ఏ తీర్పూ ఉల్లంఘన కాలేదు. అయినా పని పోయింది. పర్యవేక్షణ చేసే మనిషి ఎవరు, ఏ బట్టల్లో వస్తాడు అన్నది చట్టంలో చిన్న వివరంగా కనిపిస్తుంది. బతుకులో అంతా అదే.

తెలుగు నేలకు ఈ సంగతి కొత్తదేం కాదు. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్‌ను 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్ ఆ చట్టం నీడలో పుట్టిందే. అక్కడి వాళ్లకి హాజరు ఉండేది, ఊరు దాటాలంటే అనుమతి ఉండేది. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. దానికి ముందే మద్రాసులో 1948లో అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చేసింది. కులం పేరు పోయింది, హాజరు మిగిలింది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్షను కొట్టేస్తూ, జైలు మాన్యువళ్లలో ‘అలవాటు నేరస్థుడు’ అన్న ముద్రను చట్టంలోని నిర్వచనానికే పరిమితం చేయాలంది. విడుదలైన మనిషిని హాజరుతో కొలవడం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నేను ఆ సెటిల్‌మెంట్ రిజిస్టర్ల వైపే చూపిస్తాను.

రెండో వర్క్‌షాపు ప్రొబేషన్ అధికారి మాట మీద దొరికింది. ఈసారి ఆయన ముందుగా స్టేషన్‌కి ఫోన్ చేసి, చిరునామా తాను చూశానని చెప్పారు. కానిస్టేబుల్ వెళ్లలేదు. ఇది ఏ నిబంధన కిందా జరగలేదు. ఆ అధికారి బదిలీ అయితే మళ్లీ మొదటికొస్తుంది.

అవతలి కుటుంబం

దీని గురించి మా లాయర్లం తక్కువ మాట్లాడతాం. చనిపోయినాయన కుటుంబానికి విడుదల సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. బస్టాండులో క్లయింటును చూసినవాళ్లు చెబితే తెలిసింది. కేసు ఉపసంహరించేటప్పుడు బాధితుల మాట వినాలని బీఎన్ఎస్ఎస్ 360 చెబుతోంది. రిమిషన్ సెక్షన్‌లో అలాంటి మాట లేదు. పారా లీగల్ వాలంటీర్ ద్వారా వాళ్లని అడిగించాను. చనిపోయినాయన కొడుకు చెప్పింది ఒక్కటే: “ఆయన ఎక్కడైనా బతకనీయండి. మా ఊరికి మాత్రం రప్పించొద్దు.” స్టేషన్ మార్చమన్న మా అర్జీకి దీన్ని మించిన ఆధారం లేదు. అర్జీలో పెట్టాం కూడా, ఆ కుటుంబం అనుమతితో.

ఏం మారాలి

ఈ కేసు తర్వాత మేం ఒక నోట్ తయారుచేసి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పైకి పంపాం. 2023 మేలో కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు పంపిన మోడల్ ప్రిజన్స్ అండ్ కరెక్షనల్ సర్వీసెస్ యాక్ట్ చేతిలో ఉంది. అందులో ఆఫ్టర్ కేర్ (విడుదల తర్వాతి తోడ్పాటు), పునరావాసం ఉన్నాయి. జైలు సెలవు మీద వెళ్లేవాళ్లకి వాళ్ల ఇష్టం మీద ఎలక్ట్రానిక్ ట్రాకింగ్ కూడా ఉంది. జైళ్లు రాష్ట్ర జాబితాలోని అంశం కాబట్టి మన రెండు రాష్ట్రాలూ ఇలాంటి చట్టం సొంతంగా చేసుకోవచ్చు. ట్రాకర్ల మీద నాకు అంత ఆశ లేదు. 2024 జులైలో ఫ్రాంక్ వైటస్ కేసులో బెయిల్ మీదున్న మనిషి గూగుల్ మ్యాప్స్‌లో నిరంతరం లొకేషన్ చూపించాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. దానికన్నా ముఖ్యమైన మాట: మనిషి ఎక్కడున్నాడో ట్రాకర్ చెబుతుంది, ఎలా ఉన్నాడో చెప్పదు.

నోట్‌లో మా మొదటి ప్రతిపాదనకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ప్రొబేషన్ చట్టం 14వ సెక్షన్ చివరి క్లాజు, నిబంధనల్లో చెప్పిన ఇతర విధులు కూడా ప్రొబేషన్ అధికారి చేయాలంటుంది. 17వ సెక్షన్ కింద కేంద్రం ఆమోదంతో రాష్ట్రం నిబంధనలు చేయవచ్చు. షరతులతో విడుదలైన ఖైదీలను పర్యవేక్షించడం, వాళ్లకి సాయం చేయడం ఆ విధుల్లో ఒకటిగా చేరిస్తే రేపే మొదలుపెట్టవచ్చు. ‘ఈ చట్టం కింద విధులు’ అంటే ఈ చట్టం కింద విడుదలైన వాళ్లకే అని ఎవరైనా అడ్డు చెప్పొచ్చు. ఆ వాదనకు బలం ఉంది. అందుకే రిమిషన్ ఉత్తర్వులోనే ‘స్టేషన్ హౌస్ ఆఫీసర్’ తీసేసి ‘జిల్లా ప్రొబేషన్ అధికారి’ అని రాయమని కూడా అడిగాం. షరతు రాసేది ప్రభుత్వమే కదా.

అంత మంది అధికారులు ఎక్కడున్నారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 13వ సెక్షన్ గుర్తింపు పొందిన సంస్థలు ఇచ్చే వ్యక్తులను, తగినవారనుకున్న ఇతరులను కూడా ప్రొబేషన్ అధికారులుగా ఉంచుకోనిస్తుంది. జపాన్‌లో ఈ పని చాలావరకు జీతం లేని వాలంటీర్ల భుజాల మీదే నడుస్తోంది. హొగోషి అంటారు, వాళ్లు దాదాపు 47 వేల మంది. పెరోల్ మీదున్న వాళ్లు నేరాలు చేయడంతో పెద్ద గొడవై, 2007లో పాత చట్టాలను కలిపి నేరస్థుల పునరావాస చట్టం తెచ్చారు. వాలంటీర్లను మాత్రం వదులుకోలేదు. మాట్లాడుకునేది చాలాసార్లు వాలంటీరు ఇంట్లోనే. 2024 మేలో ఓత్సు నగరంలో ఒక హొగోషి తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు, ఆయన పర్యవేక్షణలో ఉన్న వ్యక్తిని అరెస్టు చేశారు. మన దగ్గర వాలంటీర్లను పెట్టేటప్పుడు కలిసే చోటు న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు కావాలని నోట్‌లో రాసింది అందుకే.

ఉల్లంఘన గురించి రాసిన భాగం మీద నాకు ఎక్కువ పట్టుదల ఉంది. ఇంగ్లండ్ ఉదాహరణ ఇక్కడ భయపెడుతుంది. అక్కడ 2014 ఆఫెండర్ రిహాబిలిటేషన్ యాక్ట్ మంచి ఉద్దేశంతోనే వచ్చింది: ఏడాదిలోపు శిక్ష పడి ఏ తోడూ లేకుండా బయటికొచ్చే వాళ్లకి కూడా పన్నెండు నెలల పర్యవేక్షణ. అదే సమయంలో 35 ప్రొబేషన్ ట్రస్టులను రద్దు చేసి, తక్కువ ప్రమాదమున్న వాళ్లని 21 కంపెనీలకు అప్పగించారు. అపాయింట్‌మెంటు తప్పారని మళ్లీ జైలుకు పంపడం పెరిగింది. సాయం అనుకున్నంత అందలేదు. 2019లో చీఫ్ ఇన్‌స్పెక్టర్ గ్లెనిస్ స్టేసీ ఆ నమూనాను బాగుచేయడానికి వీల్లేనంత లోపభూయిష్టమని తేల్చారు. 2021 జూన్‌లో మొత్తం మళ్లీ ప్రభుత్వం చేతికి వచ్చింది. పర్యవేక్షణ పెంచి సాయం పెంచకపోతే జైలుకి ఇంకో తలుపు తెరిచినట్టే. కాబట్టి మా నోట్‌లో మెట్లు పెట్టాం. ఒకసారి రాకపోతే ఫోన్. మళ్లీ రాకపోతే ఇంటికి వెళ్లి చూడటం, అదీ యూనిఫాం లేకుండా. ఆ తర్వాత రాతపూర్వక హెచ్చరిక. రిమిషన్ రద్దు ప్రతిపాదన ప్రొబేషన్ అధికారి కారణాలు రాసిన తర్వాతే. ప్రతి హాజరుకూ రసీదు.

గడువు మూడేళ్లు చాలన్నాం. 1958 చట్టం బాండుకు పెట్టిన హద్దే అది. ప్రమాదం ఉందనుకుంటే కారణాలు రాసి ఇంకో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. అంతకుమించి వద్దు. హత్య చేసిన మనిషికి మూడేళ్లేనా అని నోట్ చదివిన ఒక పోలీసు అధికారి అడిగారు. శిక్ష వేరు, పర్యవేక్షణ వేరు. శిక్ష ఆయన పద్నాలుగేళ్లకు పైగా లోపల అనుభవించాడు. 1977లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ శిక్ష ఉద్దేశం మనిషిని బాగుచేయడమేనని రాశారు. బాగుపడ్డాడని ప్రభుత్వమే నమ్మి వదిలిన మనిషిని చచ్చేదాకా సంతకానికి పిలవడంలో ఏ ఉద్దేశం నెరవేరుతుందో ఆ పోలీసు అధికారి చెప్పలేకపోయారు. నేనూ రెట్టించలేదు.

పాత శిక్ష చరిత్ర మాసిపోయే సంగతి నోట్‌లో ఒక్క పేరాతో సరిపెట్టాం. ప్రొబేషన్ కింద వదిలిన వాళ్లకి శిక్ష వల్ల వచ్చే అనర్హత ఉండదని 12వ సెక్షన్ చెబుతుంది. పిల్లలకి జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ ఉంది. జైలుకెళ్లొచ్చిన పెద్దవాళ్లకి మన దగ్గర అలాంటిదేం లేదు. బ్రిటన్‌లో 1974 నుంచి ఉంది. గోదావరి జిల్లాల్లో ఈ ప్రశ్న గల్ఫ్ రూపంలో వస్తుంది. క్లయింటు బావమరిది కువైట్‌లో ఉన్నాడు, కార్పెంటర్లకి పని ఉందంటాడు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ లేకుండా వీసా రాదు. ఆ దారి మూసుకుపోయిందని క్లయింటుకు తెలుసు. మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటి పరిస్థితి

హాజరు కొత్త స్టేషన్‌లో నడుస్తోంది. సంతకం పెట్టిన ప్రతిసారీ ఫోన్‌లో రిజిస్టరు పేజీ ఫొటో తీసుకోవడానికి రైటర్ ఒప్పుకున్నాడు. ప్రొబేషన్ అధికారిని నెలకోసారి కలుస్తున్నాడు, చట్టంతో పనిలేకుండా. రెండో వర్క్‌షాపులోనే ఉన్నాడు. ముగింపు తేదీ ఇమ్మన్న అర్జీకి జవాబు రాలేదు. మాఫాభాయ్ తీర్పు ఆధారంగా, యావజ్జీవ ఖైదీకి ‘శిక్షాకాలం ముగిసేవరకు’ అన్న షరతు సహేతుకం కాదని హైకోర్టులో రిట్టు వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. ఇలాంటి ఉత్తర్వు మీదే బయటికొచ్చిన మరికొందరు కూడా కలుస్తామంటున్నారు. తమ ఉత్తర్వు కాపీ దగ్గర లేనివాళ్లు విడుదలైన జైలు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టుకోవాలి. రిట్టుకు మొదట కావలసింది అదే.